పటిక పెట్టిన చోట ఎరుపు కనిపించదు

పిల్లలను బడికి పంపకుండా తల్లిదండ్రులే ఇంటి దగ్గర చదివించుకోవడాన్ని హోమ్‌స్కూలింగ్ అంటారు. ఈ దారి పట్టిన కుటుంబాలు తరచూ చెప్పే కారణం మార్కుల పరుగు. అయితే బడి మానిపించినంత మాత్రాన ఆ పరుగు ఆగిపోదు. ప్రోగ్రెస్ రిపోర్టు పోయిన చోటికి ఇంకో లెక్క వచ్చి కూర్చుంటుంది: ఈ నెలలో ఎన్ని పాఠాలయ్యాయి, పక్కింటి పిల్ల నాలుగో ఎక్కం అప్పజెబుతుంటే మనవాడు ఎక్కడున్నాడు, ఊరి నుంచి వచ్చిన పెద్దమ్మ "ఎన్నో తరగతిరా?" అని అడిగితే ఏం చెప్పాలి. పెద్దవాళ్ల మనసులో ఈ లెక్క నడుస్తున్నంత కాలం పిల్లలు కూడా చేసే పనిని వదిలి దాని చివర వచ్చే మెప్పు మీదే కన్నేసి ఉంటారు. నేర్చుకోవడమనే పనిలోనే పిల్లలకు రుచి పుట్టించడం ఎలా అన్నది ఇంటిచదువులో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. శ్రీకాళహస్తిలోని ఒక కలంకారీ పనిశాలలో ఈ వ్యాసకర్త గడిపిన రెండు రోజుల్లో ఆ ప్రశ్నకు కొంత జవాబు కనిపించింది.

ముందుగా చట్టం సంగతి. 2009లో చేసిన విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల మధ్య పిల్లలను దగ్గరలోని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని అది చెబుతుంది. చేర్చని తల్లిదండ్రులకు శిక్ష మాత్రం పెట్టలేదు, ఇంటి దగ్గర చదివించుకోవడం గురించి పేరెత్తి ఏమీ చెప్పలేదు. ఇంటిచదువు పిల్లలు పరీక్ష రాయాలనుకుంటే 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ఉంది. రెండు తెలుగు రాష్ట్రాలకూ సొంత ఓపెన్ స్కూల్ సొసైటీలున్నాయి.

ఇక పనిశాల. శ్రీకాళహస్తి కలంకారీ బట్ట మీద చేత్తో కలం పట్టి గీసేది. మచిలీపట్నం, పెడన వైపు చెక్క అచ్చులతో అద్దుతారు. శ్రీకాళహస్తిలో అచ్చు పనికిరాదు, గీత ప్రతిసారీ కొత్తగా పుట్టాల్సిందే. గుడి గోడలకు కట్టే పురాణ కథల తెరలుగా సాగిన ఈ కళ గత శతాబ్దం నడుమ దాదాపు ఆరిపోయే స్థితికి వచ్చింది. కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో 1950ల చివర్లో ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టాక మళ్లీ ఊపిరి పోసుకుంది. ఈ ఊరి కళాకారుల్లో జొన్నలగడ్డ గురప్ప చెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

చూసిన పనిశాల పెద్దదేమీ కాదు. ముందు వసారా, లోపల రెండు గదులు, వెనక పెరట్లో పొయ్యి, పొయ్యి మీద రాగి గంగాళం. వసారాలో నేల మీద చాపలు, చాపల మీద పరిచిన బట్ట. గోడవారన మూతకు గుడ్డ కట్టిన మట్టికుండలు. ఆ కుండల దగ్గర పులిసిన బెల్లం వాసన, లోపలి గదిలో విరిగిన పాల వాసన. పనిశాల నడిపే పెద్దాయనకు డెబ్బై దాటాయి. ఆయన కొడుకు, కోడలు, ఇంకో ఇద్దరు పనివాళ్లు రోజూ బట్ట ముందు కూర్చుంటారు. వాళ్ల మధ్యలో ఆ రోజు బెంగళూరులో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబం పిల్లలిద్దరు ఉన్నారు. పాపకు పన్నెండేళ్లు, బాబుకు తొమ్మిదేళ్లు. ఇద్దరూ ఇంటిచదువు పిల్లలే. తల్లి ఊళ్లో ఒక గది అద్దెకు తీసుకుని మూడు వారాలుగా వాళ్లను ఇక్కడికి తీసుకొస్తోంది.

కలంకారీ పనిలో అడుగడుగునా ఆగాల్సి ఉంటుంది. ఇంటిచదువు గురించి చెప్పేటప్పుడు ఈ పనినే ఎంచుకోవడానికి అదే కారణం. ముతక నూలు బట్టను ముందు నానబెట్టి, ఉతికి, గంజి పోగొట్టాలి. తర్వాత కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి పిండి ఆరబెట్టాలి. కరక్కాయలోని వగరు నలుపు పట్టడానికి కావాలి. పాలలోని వెన్న గీసిన రంగు పక్కకు పాకకుండా అడ్డుకుంటుంది. బొమ్మను ముందుగా చింతపుల్లల బొగ్గుతో లేతగా వేస్తారు. ఆపైన కలం. సన్నని వెదురు పుల్ల కొన చెక్కి, దాని మీద ఉన్ని గుడ్డ ఉండలా చుట్టి, నూలుదారం బిగించి కడితే అదే కలం. ఉండను రంగులో ముంచి వేళ్లతో మెల్లగా నొక్కుతుంటే రంగు కొనకు దిగుతుంది.

నలుపుకు వాడేది కసిం. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెడితే అది తయారవుతుంది. కుండలో చూస్తే అది మట్టినీళ్లలా ఉంటుంది. కరక్కాయ పట్టిన బట్ట మీద పడ్డాకే, చూస్తుండగా, గీత నల్లబడుతుంది. ఎరుపు ఇంకా మాయదారిది. ఎరుపు రావాల్సిన చోట పెట్టేది ఎరుపు కానే కాదు, పటిక నీళ్లు. ఆరాక బట్ట మీద చెప్పుకోదగ్గ రంగేమీ ఉండదు. కొన్ని రోజులు అలా ఉంచి, పారే నీటిలో జాడించి ఎక్కువైన పటికను పోగొట్టి, మంజిష్ఠ వేసిన నీళ్లలో ఉడికిస్తేనే పటిక ఉన్న చోట ఎరుపు తేలుతుంది. అంటే రోజుల తరబడి చేసిన పని ఎలా వచ్చిందో పొయ్యి మీదికి ఎక్కేదాకా పెద్దాయనకు కూడా కంటికి కనిపించదు. అన్నాళ్లూ ఆయన చూసుకునేది చేసే పనినే: కలం ఎంత తడిగా ఉంది, పటిక ఎంత చిక్కగా ఉంది, గీత అంచు దాటిందా లేదా.

బాబు వచ్చిన కొత్తలో పటిక పెట్టిన పువ్వును గంటకోసారి చూసి వచ్చేవాడట. "తాతా, ఎర్రగా రాలేదే?" అని అడిగితే పెద్దాయన, "ఉడకేసినాక వస్తాదిలే నాయనా, నువ్వు పక్కరేకు కానీ" అనేవారట. ఆ మాటలో బుజ్జగింపు లేదు, ఉపన్యాసం అంతకన్నా లేదు. ఇక్కడ పక్కరేకు ఎప్పుడూ ఉంటుంది.

ఆ తల్లి తమ తొలి రెండేళ్ల గురించి దాపరికం లేకుండా చెప్పింది. బడి మానిపించి ఇంట్లోనే ఇంకో బడి పెట్టామని ఆమె అభిప్రాయం. తొమ్మిదింటికి లెక్కలు, పదింటికి ఇంగ్లిషు, శనివారం పరీక్ష, బాగా రాస్తే ఫ్రిజ్ తలుపు మీద బంగారు చుక్క. మొదట్లో చుక్క కోసం చదివారు. తర్వాత చుక్క రాదనుకున్న పాఠం జోలికి పోవడం మానేశారు. పాప తనకు బాగా వచ్చిన బొమ్మలే మళ్లీ మళ్లీ వేసేది, కొత్తది వేయమంటే పెన్సిల్ కింద పెట్టేసేది.

ఆమె ఇంట్లో జరిగినదానికి దగ్గరగా ఉండే ప్రయోగం ఒకటి 1973లో అమెరికాలో అచ్చయింది. మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు బొమ్మలు వేయడమంటే ఇష్టపడే నర్సరీ పిల్లలను తీసుకున్నారు. కొందరికి బొమ్మ వేస్తే రిబ్బన్ కట్టిన బహుమతి పత్రం ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొందరికి చెప్పకుండా ఇచ్చారు. మిగిలినవారికి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ల తర్వాత అదే రంగు పెన్నులు గదిలో ఊరికే పెట్టి చూస్తే, బహుమతి వస్తుందని ముందే తెలిసి వేసిన పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే సగం సేపే బొమ్మల మీద గడిపారు. ఆట పనైపోయింది, కూలి లేనిచోట పని ఆగిపోయింది.

మెప్పు మాటల మీద 1998లో క్లాడియా ముల్లర్, కెరోల్ డ్వెక్ చేసిన పరిశీలన కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఐదో తరగతి పిల్లల్లో కొందరిని "నువ్వు తెలివైనవాడివి" అని, కొందరిని "బాగా కష్టపడ్డావు" అని మెచ్చుకున్నారు. తర్వాత కష్టమైన పజిళ్లు ఇచ్చినప్పుడు తెలివిని పొగిడించుకున్నవారు త్వరగా డీలాపడ్డారు. తమకొచ్చిన మార్కులను వేరే పిల్లలకు రాసి చెప్పమంటే వారిలో నూటికి నలభై మంది దాకా ఎక్కువ చేసి రాశారు. డ్వెక్ ఆలోచనల ఆధారంగా ఆ తర్వాత బడుల్లో పెట్టిన శిక్షణల వల్ల కలిగిన మేలు చిన్నదేనని పెద్ద పరిశీలనల్లో తేలింది. కాబట్టి పొగిడే మాట మార్చితే చాలు అంతా మారిపోతుందని అనుకోకూడదు. మారాల్సింది పెద్దవాళ్లు దేన్ని చూస్తున్నారన్నది.

ఆ తల్లి దగ్గర ఇప్పుడొక రూళ్ల నోటుబుక్కు ఉంది. అందులో మార్కులు లేవు, గ్రేడ్లు లేవు. తేదీ వేసి ఆ రోజు ఏం జరిగిందో రెండు మూడు ముక్కల్లో రాసుకుంటుంది. ఒక పేజీలో బాబు గురించి ఇలా ఉంది: కసిం చుక్క జింక కంటి మీద పడింది. ఏడ్చాడు. మధ్యాహ్నం కలం విప్పి గుడ్డ మళ్లీ చుట్టుకున్నాడు. ఈసారి దారం బిగువుగా కట్టాడు. చుక్క పడలేదు గానీ రంగు దిగడం లేదంటున్నాడు. మరునాటి పేజీలో ఒకటే వాక్యం: దారం రెండు చుట్లు వదులు చేశాడు, తాత చెప్పలేదు, తనే.

ఇంటిచదువులో పిల్లవాడి ఎదుగుదలను నమోదు చేయడానికి ఇంతకన్నా మంచి పద్ధతి వెతకనక్కర్లేదు. ఎక్కడ ఆగాడు, ఏం ప్రయత్నించాడు, ఏది వదిలేశాడు, ఏది మళ్లీ పట్టుకున్నాడు అన్నవే రాసుకుంటే ఆరు నెలలకు ఆ పిల్లవాడు ఎలా నేర్చుకుంటాడో తల్లికి తెలిసిపోతుంది. నోటుబుక్కును ఆమె పిల్లలకు దాచదు. పాప అప్పుడప్పుడు తీసి తన పేజీలు చదువుకుంటుంది, తప్పుగా రాసిందనిపిస్తే దిద్దుతుంది కూడా.

అలాగని ఫలితం ఎలా ఉన్నా పర్వాలేదనే మాట కలంకారీ పనిశాలలో చెల్లదు. బట్ట అమ్ముడుపోవాలి, ఎరుపు ఎరుపుగానే రావాలి. నేర్చుకునే క్రమం ముఖ్యమనే తల్లిదండ్రులు కొందరు ఇక్కడే పొరబడతారు. పిల్లలు ఏం చేసినా బాగుందంటారు, సగంలో వదిలేసినా సరేనంటారు. అది పిల్లలకు మేలు చేయదు. పని మీద గౌరవం ఉన్నవాడికి పని ఎలా వచ్చిందన్న పట్టింపు తప్పకుండా ఉంటుంది. తేడా ఉన్నది ఫలితాన్ని చదివే పద్ధతిలో. ఇది రెండో రోజు పెరట్లో పొయ్యి దగ్గర తేటగా తెలిసింది.

ఊరి పక్కనున్న స్వర్ణముఖి నదిలో అప్పుడు పారే నీళ్లు లేవు. బోరు నీళ్లు పారించిన సిమెంటు కాలువలో ముందురోజే బట్టలు జాడించి ఉంచారు. బాబు నాలుగు పువ్వులు వేసిన మూరెడు గుడ్డ ముక్కను కూడా పెద్ద తెరలతో పాటే గంగాళంలో వేశారు. పెద్దాయన కొడుకు పొడుగాటి కర్రతో కలియబెడుతుంటే నీళ్లు కాగిన కొద్దీ బట్ట మీద ముందు గులాబీ, తర్వాత ఇటుకరంగు, ఆపైన నిండు ఎరుపు. తీసి ఆరవేశాక చూస్తే బాబు పువ్వుల్లో రెండు చక్కగా వచ్చాయి. ఒకటి మచ్చలు మచ్చలుగా ఉంది. నాలుగోది ఎరుపే కాదు, కాఫీ గింజ రంగు.

పిల్లవాడి ముఖం చిన్నబోయింది. తల్లి మాట్లాడలేదు, అది తేలికైన పని కాదు. పెద్దాయన ముక్కను ఎండకు ఎత్తిపట్టి, "ఇది ఎందుకిట్ట వచ్చిందో నువ్వే చెప్పాల" అన్నారు. మచ్చల పువ్వు సంగతి బాబు త్వరగానే పట్టుకున్నాడు: జాడించేటప్పుడు ఆ మూల మడతపడింది, పటిక సరిగా పోలేదు. నాలుగో పువ్వు దగ్గర చాలాసేపు ఆగాడు. నల్లంచును వేలితో తడిమాడు, వసారాలోకి వెళ్లి తన కలాలు రెండూ తెచ్చి చూసుకున్నాడు. చివరికి, "తాతా, దీనికి కసిం కలమే ముంచినట్టున్నా" అన్నాడు. అదే నిజం. ఇనుము కలిసిన పటిక మీద మంజిష్ఠ ఎరుపునివ్వదు, ముదురు గోధుమకు తిరుగుతుంది. పెద్దాయన తల ఊపి, "ఆ రంగు కావాలన్నప్పుడు మేమూ అట్టే చేస్తాం" అని ముక్క వాడి చేతికిచ్చారు.

మార్కుల కాగితానికీ ఆ గుడ్డ ముక్కకూ ఉన్న తేడా ఇదే. నూటికి అరవై రెండు అని ఉన్న కాగితాన్ని ఎంతసేపు చూసినా తప్పు ఎక్కడ జరిగిందో అది చెప్పదు. గుడ్డ చెబుతుంది, ఎందుకంటే చేసినవాడికి ప్రతి మెట్టూ తెలుసు, ఫలితం నుంచి వెనక్కి నడిచి తడబడిన మెట్టు దగ్గర ఆగగలడు. భిన్నాల లెక్కకైనా, కథ రాయడానికైనా, తోటలో మొలవని బెండగింజకైనా ఇంటి దగ్గర చేయగలిగింది ఇదే. జవాబు తప్పని గుర్తు పెట్టి ఊరుకోకుండా పిల్లవాణ్ని వెనక్కి నడిపించాలి. నలభై మంది ఉన్న తరగతిలో పంతులుకు అంత తీరిక ఉండదు. ఇంట్లో ఒకరిద్దరే కాబట్టి ఉంటుంది. ఇంటిచదువుకున్న అసలు బలం ఆ తీరికే. దాన్ని సిలబస్ తొందరగా ముగించడానికి ఖర్చు పెట్టేస్తే బడి మానిపించి సాధించింది తక్కువ.

పరీక్షల భయం మాత్రం ఎవరికైనా ఉంటుంది. ఆ తల్లికీ ఉంది. పాపకు ఇంకో రెండేళ్లలో పద్నాలుగు నిండుతాయి, అప్పుడు సార్వత్రిక విద్యా సంస్థలో పదో తరగతికి పేరు నమోదు చేయించవచ్చు. ఆ నమోదు ఐదేళ్లు చెల్లుతుంది, ఆ లోపల తొమ్మిది సార్లు పరీక్షకు కూర్చునే వీలుంది. పాసైన సబ్జెక్టులు పాసైనట్టే ఉంటాయి, మిగిలినవి తర్వాత రాసుకోవచ్చు. తెలుగు మాధ్యమంలోనూ రాయవచ్చు. ఒక్క మార్చి నెలలో అన్నీ తేలిపోవాలన్న ఒత్తిడి లేకుండా పరీక్ష రాయించే వీలు మన దేశంలో ఇలా ఉందన్న సంగతి చాలా ఇళ్లలో తెలియదు. ఇంటిచదువు ఆలోచనలో ఉన్నవారు పుస్తకాల జాబితా కన్నా ముందు ఈ నియమాలు తెలుసుకోవడం మంచిది.

ఆ సాయంత్రం పాప తన తెరకు రెండోసారి పాలు పట్టించే పనిలో ఉంది, నీలం వేయడానికి ముందు అది తప్పదు. బాబు రెండు కలాలకూ గుర్తు తెలిసేలా ఒకదానికి నల్లదారం, ఒకదానికి తెల్లదారం చుట్టుకుని, కొత్త గుడ్డ ముక్క మీద బొగ్గుతో ఐదు పువ్వులు గీసుకున్నాడు. కుటుంబం బెంగళూరు తిరిగి వెళ్లడానికి ఇంకా ఆరు రోజులుంది. ఆ ముక్క ఉడకడానికి ఆ వ్యవధి సరిపోతుందని పెద్దాయన చెప్పారు.