తీగకి గుచ్చిన కాయితాలు

అమెరికాలో హెచ్-1బి మీద బతికే సంసారానికి ఉప్పూ పప్పూ ఎంతో కాయితాలూ అంతే. ఐ-797లు, పే స్టబ్బులు, ఏడాదికో డబ్ల్యు-2, పాస్‌పోర్టులు. వీసా పొడిగింపు వేసిన ప్రతిసారీ లాయరుగారు అన్నీ మళ్ళీ అడుగుతారు. 2013 నుంచి విమానం దిగేవాళ్ళకి ఐ-94 కాయితం చేతికివ్వడం దాదాపు మానేశారు. వెబ్‌సైటులోంచి మనమే దించుకోవాలి. ఉద్యోగం మారితే పాత కంపెనీవాళ్ళు లాగిన్ మూసేస్తారు. కనుక దాచుకునే బాధ్యత మనదే. దాచడం తేలికే, అవసరానికి వరసలో దొరకడమే కష్టం.

మా ఊరి కిరాణాకొట్టులో బిల్లులు ఇనప తీగకి గుచ్చేవారు. అడుగున పాతది, పైన కొత్తది, వరస తప్పే వీల్లేదు. నేను రాసుకున్న చిన్న స్క్రిప్టు చేసేదీ అదే.

ప్రతినెలా ఒకటో తారీఖు రాత్రి క్రాన్ దాన్ని నిద్రలేపుతుంది. నెలంతా నేను ఒక ఫోల్డరులో పడేసిన పీడీఎఫ్‌లను అది చూస్తుంది. ఫైలు పేరు 2024-03-05 అన్నట్టు ఏడాది, నెల, రోజుతో మొదలవ్వాలి. కంప్యూటరు అక్షరాల వరసలో పేరుస్తుంది కాబట్టి 10 వచ్చి 2 కంటే ముందు కూర్చుంటుంది. 02 అని రాస్తే 10 బుద్ధిగా వెనక్కి వెళుతుంది. తేదీ లేని ఫైలుని ముట్టుకోదు, దాని పేరు నాకు చెబుతుంది. మిగతావాటిని క్యూపీడీఎఫ్ అనే ఉచిత ప్రోగ్రాముతో ఒకే కట్టగా కలిపి, పేజీల లెక్క సరిపోయిందో లేదో చూస్తుంది.

మూలప్రతులను మాత్రం చెరపదు. డిజిటల్ సంతకమున్న పీడీఎఫ్‌ను ఇంకోదానితో కలిపితే ఆ సంతకం చెల్లదు మరి. అందుకని కట్ట లాయరుగారికి, విడి ప్రతులు ఏడాది పేరుతో అటక మీదికి. ఒక డిస్కు మా ఇంట్లో, రెండోది తమ్ముడింట్లో. ప్రతి ఫైలుకీ షా-256 ముద్ర రాసిపెడుతుంది; ఫైల్లో ఒక్క అక్షరం చెడినా ముద్ర కలవదు.

"పచ్చడి జాడీలకి కూడా తేదీలు వేయించండి," అని మా ఆవిడ నవ్వేది. పోయినేడు ఆ నవ్వు తగ్గింది. 3 ఏళ్ళప్పుడు ఈ దేశం వచ్చిన మా అమ్మాయికి 19 నిండాయి. గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏటా 7 శాతం మించకూడదన్న నిబంధన వల్ల మా వరస కదలడం లేదు. 21 నిండితే నా నీడన హెచ్-4లో ఉండటం కుదరదు.

"నాన్నా, నా కాయితాలు నాకు వేరుగా కావాలి," అంది.

స్క్రిప్టులో నాలుగు లైన్లు చేర్చాను. ఫైలు పేరులో తన గుర్తు ఉంటే అది రెండో కట్టలోకి కూడా వెళుతుంది. మొదటిసారి నడిపితే 212 పేజీలొచ్చాయి: చంటిపిల్ల ఫొటో ఉన్న పాస్‌పోర్టు నుంచి మొన్నటి ఐ-94 దాకా, 16 ఏళ్ళు. తను ఒక్కో పేజీ చూసుకుంటూ పోయింది.

"నేను ఇక్కడే పెరిగానని చెప్పడానికి ఇది చాలదా?"

చట్టానికి చాలదమ్మా అన్నాను. కాయితాలను వరసలో పెట్టడం నా చేతిలో పని, ఆ వరసని కదపడం కాదు. ఆ కట్ట పాస్‌వర్డు ఇప్పుడు తన దగ్గరే ఉంది. ఒకటో తారీఖున స్క్రిప్టు రెండు ఈమెయిళ్ళు పంపుతుంది, ఒకటి నాకు, ఒకటి తనకి.