తెరమీద కనిపించని పాండవులు

బ్యాంకులో పద్దులు చూసేవాడి కన్ను, రాసిన పద్దుకన్నా రాయకుండా వదిలిన పద్దుమీదే ఎక్కువ ఉంటుంది. బి.కాం. చదివిన నాకు కథ చెప్పడంలోని కిటుకు తెలిసింది కూడా అలాగే. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో పాండవులు తెరమీదకే రారు. అయినా లోటు తెలియదు. ఆ చిత్రానికి మాటలూ పాటలూ రాసినవారు పింగళి నాగేంద్రరావుగారు.

సినిమా రచయిత ఉద్యోగం చిత్రమైనది. నిర్మాత ఒక మార్పు అంటాడు, దర్శకుడు ఇంకొకటి అంటాడు. రాసిందే మళ్ళీ రాయాలి. చివరికి పేరు తెరమీద రెండు క్షణాలు.

ఆ చిత్రం తయారైంది మా మద్రాసులోనే. తెలుగు గడ్డకు దూరంగా కూర్చునే పింగళివారు 'అసమదీయులు', 'తసమదీయులు' అని కొత్తమాటలు పుట్టించారు. తర్వాత పరిశ్రమ హైదరాబాదు తరలిపోయింది. మనం ఇక్కడే ఉన్నాం.

మావాడు బడిలో తమిళం, ఇంగ్లీషు చదివాడు. తెలుగు అక్షరాలు రావు. కాని ఇంట్లో ఎవరైనా ఘనకార్యం చేస్తే "వీరతాడు వెయ్యాల్సిందే" అంటాడు. ఆ మాట ఎవరిదో వాడికి తెలియదు.

మాటలు ఆ రచయితలు అందించారు. అక్షరాలు అందించే బాకీ మాత్రం మన ఖాతాలోనే ఉంది.