సున్నం పడ్డ కన్ను, రేచీకటి కన్ను

"నాదొక కన్ను తీసి మావాడికి పెట్టండమ్మా."

హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో, రెటీనా డాక్టరు గదిలో ఒక తండ్రి అడిగిన మాట ఇది. పక్కన కొడుకు. చిన్నప్పుడు రేచీకటే అనుకున్నారట. ఇప్పుడు పట్టపగలు కూడా సూటిగా ఎదురుగా ఉన్నదే కనిపిస్తుంది, పక్క నుంచి వచ్చే బండి కనపడదు. జబ్బు పేరు రెటినైటిస్ పిగ్మెంటోసా. తల్లిదండ్రులది మేనరికం. కన్ను మొత్తం మార్చి చూపు తెప్పించడం ప్రపంచంలో ఇంకా ఎవరివల్లా కాలేదనీ, దానమిచ్చిన కళ్ల నుంచి చూపు కోసం వాడేది ముందువైపు ఉండే కార్నియానేననీ, అబ్బాయి జబ్బు కంటి వెనక గోడలో, అంటే రెటీనాలో ఉందనీ డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పారు. ఆయన అంతా విన్నాడు. "మరి ఆ కణాలేవో పెడతారంట కదమ్మా" అన్నాడు.

నేను అక్కడికి వెళ్లిందీ ఆ కణాల కోసమే.

సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్ ఇచ్చిన కోటి రూపాయలు, ఐదెకరాల స్థలం ఆసరాగా డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో మొదలుపెట్టిన సంస్థ ఇది. కణాలతో వైద్యం ఇక్కడ కొత్త కాదు. కిళ్లీలోకి, ఖైనీలోకి వాడే సున్నం ప్యాకెట్ పిల్లల చేతిలో చిట్లి కంట్లో పడుతుంది. నల్లగుడ్డుకీ తెల్లగుడ్డుకీ మధ్య అంచులో మూలకణాలు ఉంటాయి. కార్నియా పైపొర అరిగినప్పుడల్లా కొత్తపొర వేసేది అవే. సున్నం వాటిని కాల్చేస్తే నల్లగుడ్డు మీదికి తెల్లటి పొర, రక్తనాళాలు పాకుతాయి. అలాంటి కంటికి ఉత్త కార్నియా మార్పిడి నిలవదు. రెండో కన్ను బాగుంటే దాని అంచు నుంచి ఓ చిన్న ముక్క తీసి, కాన్పులో మాయతో పాటు వచ్చే పల్చటి పొర మీద పెంచి, దెబ్బతిన్న కంటి మీద పరిచే పద్ధతిని 2001 నుంచి ఇక్కడ చేస్తున్నారు. డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్ బృందం 2012లో దాన్ని మరింత సులువు చేసింది. రెండు మిల్లీమీటర్ల ముక్కను ఇంకా చిన్నచిన్న ముక్కలు చేసి నేరుగా కంటి మీదే అతికిస్తారు. ల్యాబు అక్కర్లేదు, వారాల తరబడి ఎదురుచూపు అక్కర్లేదు. ఖరీదైన ల్యాబు లేని ఊళ్లో కూడా నేర్చిన డాక్టరు చేయగలిగేలా ఒక వైద్యాన్ని మలచడం నా దృష్టిలో చాలా పెద్ద పని. మన హైదరాబాదులో పుట్టిన ఈ పద్ధతిని ఇప్పుడు విదేశాల్లోనూ వాడుతున్నారు.

మరి రెటీనాకి ఇదే ఎందుకు కుదరదు? ఆ జవాబు పరిశోధన విభాగంలో మైక్రోస్కోపు దగ్గర దొరికింది.

ముప్పై ఏడు డిగ్రీల వెచ్చదనంలో ఉంచిన పళ్లేన్ని పరిశోధకురాలు తీసి చూపించారు. మామూలు కంటికి ముదురు గోధుమరంగు మచ్చలా ఉంది. మైక్రోస్కోపులో చూస్తే ఆరు మూలల కణాలు, తేనెపట్టు గదుల్లా ఒకదాన్నొకటి ఒరుసుకుని. మొదట్లో అవి రెటీనా కణాలే కావు. పెద్దవాళ్ల ఒంటి కణాలను మళ్లీ మూలకణాలుగా మార్చవచ్చని జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనాకా చూపించారు. 2006లో ఎలుక కణాలతో, ఆ మరుసటేడు మనిషి కణాలతో. దానికే 2012లో నోబెల్. అలా మార్చినవాటిని నెలల తరబడి సాకితే ఈ రంగు తేలుతుంది.

ఇవి వెలుగును పట్టే కణాలు కావని ఆమె నొక్కి చెప్పారు. వెలుగును పట్టేవి కడ్డీ కణాలు, శంకు కణాలు. వాటి కింద ఒకే వరుసలో పరుచుకుని, వాటికి పోషణ అందిస్తూ, అవి రోజూ రాల్చే కొసలను మింగి శుభ్రం చేస్తూ ఉండేది ఈ రంగుపొర. వయసు మీద వచ్చే మాక్యులా జబ్బులో ఈ పొర పాడై, పైన ఉన్నవీ చచ్చిపోతాయి. ఈ పొరకు నరాలతో సంధానం అవసరం లేదు, సరైన చోట కూర్చుంటే చాలు. అందుకే మొదటి ప్రయోగాలు ఎక్కువగా దీనితోనే. కడ్డీ, శంకు కణాలను పెడితే అవి లోపలి నాడీకణాలతో సరిగా కలవాలి, అక్కడినుంచి సంకేతం మెదడుకు అందాలి. కష్టమంతా అక్కడే ఉంది.

2014 సెప్టెంబరులో జపాన్‌లోని కోబెలో మసాయో తకహాషి బృందం, డెబ్బై దాటిన ఒక స్త్రీ చర్మకణాల నుంచే ఈ పొరను తయారు చేసి ఆమె రెటీనా కింద పెట్టించింది. ఏడాది తర్వాత చూస్తే పొర బతికే ఉంది, కణితి రాలేదు, చూపు తగ్గలేదు. పెరగనూ లేదు. రెండో రోగి కోసం సిద్ధం చేసిన కణాల్లో జన్యుమార్పులు కనిపించడంతో ఆపరేషన్ ఆపేశారు. లండన్‌లో మరో బృందం ఇద్దరికి ఇలాంటి పొరనే పెట్టి, వాళ్ల చూపు మెరుగుపడిందని 2018లో ప్రకటించింది. ఆగాల్సినచోట ఆగిన కోబె బృందం మీద నాకు గౌరవం ఎక్కువ.

ఎందుకంటే ఆగనివాళ్లూ ఉన్నారు. అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక క్లినిక్ ముగ్గురు స్త్రీలకు వాళ్ల కొవ్వు నుంచి తీసిన కణాలను రెండు కళ్లలోనూ ఎక్కించింది, అదీ డబ్బు పుచ్చుకుని. ముగ్గురి చూపూ ఘోరంగా దెబ్బతింది. 2017లో వైద్య పత్రికలో వచ్చిన ఆ నివేదిక చదివితే కడుపు తరుక్కుపోతుంది. మనదగ్గరా "మూలకణాలతో చూపు" అనే ప్రకటనలు ఫోన్లలో తిరుగుతున్నాయి. పొలం అమ్మైనా డబ్బు తెస్తాననే తండ్రులే వాటి గురి.

డాక్టరమ్మ ఆ తండ్రికి మూడు పనులు చెప్పారు. అబ్బాయికి ఏ జన్యువులో లోపముందో పరీక్ష చేయించమన్నారు. ఒక రకం లోపానికి, ఆర్‌పీఈ65 అనేదానికి, 2017 నుంచి అమెరికాలో జన్యుచికిత్స ఉంది. ఏ లోపమో తెలిస్తేనే రేపు వచ్చే వైద్యానికి దారి తెలుస్తుంది. చెల్లెలికీ కళ్లు చూపించమన్నారు. ఇక అబ్బాయిని అదే ఆసుపత్రిలోని పునరావాస విభాగానికి పంపారు. చేతికర్ర పట్టి నడవడం, తెరమీది అక్షరాలను చదివి వినిపించే ఫోన్ వాడటం అక్కడ నేర్పుతారు.

"ఎవరైనా ఇంజెక్షన్‌తో చూపు తెప్పిస్తామంటే ముందు నాకు ఫోన్ చెయ్యండి" అని కూడా అన్నారామె. మన దేశంలో అనుమతి పొందిన ప్రయోగం క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో నమోదై ఉంటుంది. ఆ జాబితాను ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. పరీక్షలో ఉన్న చికిత్సకు రోగి దగ్గర లక్షలు అడిగేవాడి గుమ్మం తొక్కకూడదు.