పాలకూజా ఎందుకు పడింది?

సినిమాపాట మీద మనవాళ్ళు రాసిన విమర్శలో చాలాభాగం సాహిత్యవిమర్శే. పల్లవిలో ఏ మాట పడింది, చరణంలో ఏ అలంకారం వున్నది, కవి అభ్యుదయవాదా కాదా అన్నంతవరకే మన చూపు. పాట తెరమీద నడుస్తున్నప్పుడు కెమెరా ఎక్కడ నిలబడింది, ఒక దృశ్యం పక్కన మరొక దృశ్యాన్ని ఎందుకు అతికించారు అని మనం అడగం. అడిగినవాణ్ణి రూపవాది అని కాస్త అనుమానంగా చూడడం కూడా కద్దు. అక్టోబరు విప్లవం కన్న బిడ్డల్లో ఒకడైన ఐసెన్‌స్టీన్ జీవితమంతా ఈ ప్రశ్నతోనే కుస్తీ పట్టాడని మరిచిపోతాం. 1925లో వచ్చిన “సమ్మె” చిత్రంలో కార్మికుల ఊచకోత పక్కన కబేళాలో ఎద్దును కోసే దృశ్యాన్ని పెట్టినప్పుడు ఆయన అలంకారం కోసం పెట్టలేదు. రెండు దృశ్యాలూ ఢీకొంటే ఆ రెంటిలోనూ లేని మూడో అర్థం పుడుతుందని పెట్టాడు.

సింహాచలం కొండ దిగువన మా ఇంట్లో ఆదివారాలు కొందరు విద్యార్థులు చేరుతూ వుంటారు. ఎక్కువమంది ఉక్కు కర్మాగారంలో పనిచేసేవారి బిడ్డలు. పుస్తకాలు చదువుతాం, పోట్లాడుకొంటాం, అప్పుడప్పుడు ఏదైనా చూస్తాం. ఆ మధ్య వాళ్ళు ఒక పాశ్చాత్య వీడియో తెచ్చారు. అమెరికాలో జార్జియా రాష్ట్రానికి చెందిన ఆర్.ఇ.ఎం. అనే ఆల్టర్నేటివ్ రాక్ బృందం 1991లో విడుదల చేసిన “లూజింగ్ మై రెలిజియన్” పాట అది. దర్శకుడు మన జలంధరులో పుట్టినవాడే, తర్సేం సింగ్. ఆ ఏడాది ఎం.టి.వి. వారి బహుమతులు ఆరు దానికే వచ్చాయి.

పాటకు మతంతో సంబంధం లేదు. ఆ శీర్షిక అమెరికా దక్షిణాది రాష్ట్రాల జాతీయం; ఓపిక నశించిందనీ, ఒళ్ళు తెలియకుండా పోయిందనీ అర్థం. చెప్పుకోలేని ప్రేమలో మాట జారిందేమోనని మథనపడే మనిషి పాట అది. దర్శకుడు చేసిన మొదటి చమత్కారం, జాతీయాన్ని జాతీయంగా తీసుకోకపోవడం. “మతం” అన్న మాటను ఉన్నపళాన పట్టుకొని దేవదూతలను, బాణాలు గుచ్చుకొన్న పునీతుణ్ణి, మన కేలండరు దేవుళ్ళను తలపించే మూర్తులను తెరమీదికి తెచ్చాడు. పాట ఒకటి చెప్తూ వుంటే బొమ్మ మరొకటి చెప్తుంది. పాటలో “చందమామ” అనగానే కెమెరా ఆకాశంవైపు తిరిగే అలవాటు మనది. ఆ అలవాటున్నవాడికి ఇది మంచి చికిత్స. పాటగాడు మైకెల్ స్టైప్ చాలాకాలం వీడియోల్లో పెదవులు కదిపి నటించడానికి ఒప్పుకొనేవాడు కాదు, అది అబద్ధమని. ఇందులో ఒప్పుకొన్నాడు. ఒప్పుకొని, కుర్చీలో కూర్చుని, లేచి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనివాడిలా గింజుకొంటాడు. ఆ మథనమంతా ఆ ఒంట్లో వున్నది. ఇక్కడ మనం నవ్వుకోవచ్చు. ఒకరి గొంతు మరొకరి పెదవుల మీద పెట్టి దశాబ్దాలుగా ఏడ్చి నవ్విన జాతి మనది!

ఇక చిత్రీకరణ. వీడియో ఒక చీకటి గదిలో మొదలవుతుంది. కిటికీ గట్టుమీంచి పాలకూజా జారి నేలమీద పగులుతుంది. మనుషులు గదికి అడ్డంగా పరుగెత్తుతారు. ఈ పాలకూజా తార్కోవ్‌స్కీ ఆఖరి చిత్రం “ది సాక్రిఫైస్” నుంచి వచ్చింది. 1986 నాటి ఆ చిత్రంలో ఇంటిమీదుగా యుద్ధవిమానాలు గర్జిస్తూ పోతాయి, ఇల్లంతా అదురుతుంది, బీరువాలోని పాలకూజా దొర్లిపడి పగులుతుంది. అణుయుద్ధం ఒక మధ్యతరగతి వంటింట్లోకి అలా అడుగుపెడుతుంది. ఆ తెల్లటి పాలు నేలమీద పరుచుకోవడం చూసినవాడు మరిచిపోడు.

వీడియోలో విమానాలు లేవు. కూజా మాత్రం పడుతుంది.

నా అభ్యంతరం ఇక్కడ మొదలవుతుంది. రెక్కలున్న ముసలివాడు మార్క్వెజ్ 1968లో రాసిన కథలోంచి దిగివచ్చాడు. కథలో ఆ ముసలివాణ్ణి కోళ్ళగూటిలో పెట్టి, చూడవచ్చినవారి దగ్గర ఇంటివాళ్ళు తలకు అయిదు సెంట్లు వసూలు చేస్తారు. ఆ డబ్బుతో మేడ కట్టుకొంటారు. వీడియోలో జనం వున్నారు, వింతచూపు వున్నది, టిక్కెట్టు లేదు. చిత్రకారుడు కారవాజియో గీసిన థామస్, క్రీస్తు గాయంలో వేలుపెట్టి చూసిన ఆ అపనమ్మకస్తుడు, ఇక్కడా వేలు పెడతాడు. ఏ విశ్వాసాన్ని పరీక్షిస్తున్నాడో మనకు తెలియదు. ఫలితాలన్నీ ఎత్తుకొచ్చి కారణాలను ఎక్కడివక్కడే వదిలేశారు. బహుశా టిక్కెట్టు ఫ్రేములో వుండనవసరం లేదు. వీడియో అన్నదే గ్రామఫోను కంపెనీ రికార్డు అమ్ముకోవడానికి కట్టిన గూడు కదా!

అయితే కారణం లేకపోవడమే ఆ పాట మనిషి బాధ అని మీరనవచ్చు. ఎందుకు దుఃఖిస్తున్నాడో వాడికే తెలియదు, కూజా ఎందుకు పడిందో మనకూ తెలియదు, లెక్క సరిపోయింది. ఈ వాదాన్ని నేను తేలిగ్గా తోసెయ్యలేను. మా మిత్రుడొకాయన దీన్ని “క్షీణ సంస్కృతి” అని ఒక్క మాటలో కొట్టేశాడు. అంత తీరిక లేని విమర్శ నాకు నచ్చదు. నన్ను ఆపింది వేరే దృశ్యం. ఆ వీడియోలో సోవియట్ తొలినాళ్ళ పోస్టర్ల పద్ధతిలో దిద్దిన కార్మికులున్నారు, లోహపు రెక్కలు తయారుచేస్తూ. కొలిమి, సుత్తి, కండలు, నిప్పురవ్వల వెలుగు, అంతా చక్కగా వున్నది. అది అయిపోగానే, నిప్పుకొలిమి విభాగంలో తండ్రి పనిచేసే కుర్రవాడొకడు అన్నాడు: “ఆలకి సెగ తగల్నేదు సార్.”

ఆ మాటకు ఎవరూ మాట్లాడలేదు. ఒక కాలంలో ఆ పోస్టరు కార్మికుడు చరిత్రను కదిలిస్తానని వచ్చినవాడు. ఇక్కడ దేవదూతకూ కేలండరు దేవుడికీ మధ్య మూడో ప్రతిమగా, అదే కొలతలో, అదే వెలుగులో నిలబడ్డాడు. ముగ్గురికీ సమానగౌరవం ఇచ్చారంటే, ముగ్గురి చరిత్రనూ సమానంగా తుడిచారన్నమాటే.

అప్పు తెచ్చుకోవడమే నేరమా అంటే, కాదు. దానికి మా ఊళ్ళోనే సాక్ష్యమున్నది. 1978లో కె. బాలచందర్ “మరోచరిత్ర”ను ఇక్కడే, విశాఖలోనూ భీమిలి ప్రాంతంలోనూ తీశాడు. రంగుల చిత్రాలు వెల్లువెత్తిన రోజుల్లో బి.ఎస్. లోకనాథ్ ఛాయాగ్రహణంలో నలుపు తెలుపు చిత్రం. అందులో లిఫ్ట్‌లో పాట వున్నది. మాటలన్నీ తెలుగు సినిమా పేర్లు. వట్టి పేర్లు, గోడమీద పోస్టర్లు చదువుకొంటూ పోయినట్టు. సాహిత్యవిమర్శకుడు కాగితం మీద చూస్తే కాలక్షేపం అని పక్కన పెడతాడు.

కాని ఆ పేర్లు ఎవరి నోట వచ్చాయి? తెలుగు సరిగా రాని తమిళ కుర్రవాడి నోట. తన భాషలో చెప్తే ఆ పిల్లకు అందదు. ఆమె భాషలో తనకు వున్న ఆస్తి ఆ పేర్లే. ఎరువు సొమ్ముతో ప్రేమ చెప్పుకోవలసినవాడి పేదరికం అది. ఆ రెండు కుటుంబాలు వాళ్ళను విడదీసేది కూడా ముందు భాష పేరు చెప్పే. అప్పుకు కారణం కథలోనే వున్నది. ఇక కెమెరా చేసిన పని చూడండి. అవతల అంత సముద్రం పెట్టుకొని, దర్శకుడు ఆ జంటను నాలుగు గోడల పెట్టెలో మూశాడు. గంతులకు చోటులేదు. ముఖానికి దగ్గరగా రావడం తప్ప కెమెరాకూ దారిలేదు. పెద్దవాళ్ళు రేపు బిగించబోయే ఇరుకు ఈ సరదాలోనే వున్నది. కాకపోతే ఇప్పుడు ఆ ఇరుకు వాళ్ళకు తియ్యగా వున్నది. ఈ అర్థం ఏ ఒక్క మాటలోనూ లేదు. తెలుగు చిత్రమైనా, అనువాదం చెయ్యకుండానే తమిళదేశంలో అది విరగబడి ఆడిందంటే అందుకు కొంత కారణం ఇదే అనుకొంటాను.

మూయడం కూడా చూపించడమేనని మా సింహాచలం వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. ఏడాది పొడుగునా స్వామి చందనం పూతలో వుంటాడు. అక్షయతృతీయనాడు ఒక్కరోజు నిజరూపం. ఆ ఒక్కరోజు క్యూలో నిలబడేవారిని కొండమీదికి లాక్కొచ్చేది మిగిలిన రోజుల మూతే. భక్తి సంగతి అలా వుంచి, ఏది దాచాలో తెలిసినవాడే దర్శకుడు.

గొంతూ దేహమూ ఒకటే అయిన సందర్భం మనకూ లేకపోలేదు. 1979లో గౌతంఘోష్ తీసిన “మాభూమి”లో గద్దర్ తానే తెరమీదికి వచ్చి తన గొంతుతో పాడాడు. స్టైప్ కోరుకొన్న నిజం అక్కడ ఏ ఆర్భాటమూ లేకుండా దొరికింది.

ఉక్కు కర్మాగారాన్ని ప్రైవేటుపరం చెయ్యడానికి 2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకొన్న తరువాత ఇక్కడ దీక్షా శిబిరాలు వెలిశాయి. మా కుర్రవాళ్ళు ఆ శిబిరంలో పాడిన ఒక పాటకు ఫోనుతో బొమ్మలు తీశారు. తెచ్చి చూపించారు. మూడుచోట్ల బిగిసిన పిడికిలి వున్నది, మూడుచోట్లా కిందినుంచి ఆకాశంకేసి తీసింది. పోస్టరే. ఆ పిడికిలి బిగియకముందు ఆ చెయ్యి ఏం చేస్తున్నది అని అడిగాను. గొణుక్కొంటూ వెళ్ళారు. రెండు వారాలకు మళ్ళీ వచ్చారు. ఇప్పుడు షిఫ్టు బస్సు వున్నది, తెల్లవారుజామున గేటు దగ్గర పాసు చూపించే చెయ్యి వున్నది, కాలి మానిన మచ్చతో క్యారియరు మూత తీస్తున్న చెయ్యి వున్నది. సెగ గురించి అన్న కుర్రవాడి తండ్రి చెయ్యే అది. పిడికిళ్ళు రెండు పోయాయి, ఒకటి మిగిలింది.

ఆ ఒక్కటీ ఎందుకుంచారయ్యా అంటే, “అక్కడ డప్పు పడతాది సార్, తీసేస్తే పాట కుంటుతాది” అన్నాడు. దానికి ఏం చెప్పాలో ఆ పూట నాకు తోచలేదు. మరోసారి వేయించుకొని చూశాను. డప్పు అక్కడే పడుతున్నది.