రైట్ కవర్ ఖాళీ లేదు

అక్టోబర్ 16, 2024, నల్లగొండ

దసరా సెలవులు అయిపోయినా కాలేజీ కబడ్డీ గ్రౌండ్ నిండలేదు. పత్తి ఏరే రోజులు. చందంపేట, గుర్రంపోడు, మర్రిగూడ వైపు పిల్లలు ఇప్పట్లో రారు. కూలి మనుషులు దొరకని ఇంట్లో డిగ్రీ చదివే కొడుకే కూలి మనిషి. వచ్చినవాళ్లతో చైన్ కట్టించి చూశాను. ఒక పక్క కడితే ఇంకో పక్క ఖాళీ.

నోట్‌బుక్‌లో కోర్టు బొమ్మ గీసి ఏడు స్థానాల కింద పేర్లు రాసుకున్నాను. కార్నర్లు ఇద్దరికీ ఢోకా లేదు. లెఫ్ట్ కవర్ ఫైనలియర్ బీకాం పిల్లగాడు, వాడికి జ్వరమొస్తే ఆ చోట నిలబెట్టడానికి మనిషి లేడు. రైట్ కవర్ కింద జనవరి నుంచీ ఉన్న పేరే, సెకండియర్ లైఫ్ సైన్సెస్, తండా పిల్లవాడు. దాని పైన కొట్టేసిన పేరు ఇంకోటి ఉంది. పెన్సిల్‌తోనే కొట్టేశాను.

అక్టోబర్ 18

ప్రొ కబడ్డీ పదకొండో సీజన్ గచ్చిబౌలిలో మొదలైంది. తెలుగు టైటాన్స్ 37, బెంగళూరు బుల్స్ 29. పవన్ సెహ్రావత్‌కు 13 పాయింట్లు. హాస్టల్ పిల్లలు ఒక్క ఫోన్ చుట్టూ మూగి చూశారట.

పవన్‌ను చూస్తే నాకు 2022 అక్టోబరే గుర్తొస్తుంది. తమిళ్ తలైవాస్ 2.26 కోట్లు పెట్టి కొన్నది, మొదటి మ్యాచ్‌లోనే మోకాలు పోయింది, సీజనంతా బయటే. మరుసటి ఏడు హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో అతని కెప్టెన్సీలోనే బంగారు పతకం, ఆ వెంటనే జరిగిన వేలంలో టైటాన్స్ 2.60 కోట్లకు పైగా పెట్టింది. మోకాలు పోయి వస్తే ధర పెరుగుతుందని మా పిల్లల లెక్క. ఆ మధ్య నెలల్లో ఫిజియో ఎవరు, తిండి ఎవరు పెట్టారు, జిమ్ము ఎక్కడ, ఇవి టీవీలో కనబడవు. మోకాలు పోయిన మా పాత రైట్ కవర్‌కు జిమ్ము ఇంటి ముందు వేపచెట్టుకు కట్టిన సైకిల్ ట్యూబు.

అక్టోబర్ 23

పాత కవర్ వచ్చాడు. నడక బాగుంది. మెట్లు దిగేటప్పుడు మాత్రం రెయిలింగ్ వైపు చెయ్యి పోతున్నది, వాడికి తెలియకుండానే.

జనవరిలో, సంక్రాంతికి, ఒక ఊరి టోర్నమెంట్‌లో అయింది ఇది. ఎవరూ ముట్టలేదు. రైడర్ గిర్రున తిరిగితే వీడూ తిరిగాడు, పాదం మట్టిలో నిలిచిపోయింది, మోకాలు తిరిగింది. ఏసీఎల్. ఈ లిగమెంట్ తెగే కేసుల్లో ఎక్కువ భాగం ఇట్లాగే, ఎదుటివాడి దెబ్బ లేకుండానే. ఫిబ్రవరి మూడో వారంలో హైదరాబాద్‌లో ఆపరేషన్. తొడ వెనక స్నాయువు కొంత తీసి మోకాలి లోపల కొత్త లిగమెంట్‌గా కట్టారు.

ఫిజియో రాసిచ్చిన కాగితం తెచ్చాడు. ఒంటికాలి మీద దూకాలి, ఆపరేషన్ కాలి దూకు మంచి కాలి దూకులో కనీసం 90 శాతం ఉండాలి. టేపు పట్టుకొని నేనే కొలిచాను. 94 శాతం! ఒక్క నిమిషం సంతోషపడి, అనుమానమొచ్చి మంచి కాలితో మళ్లీ దూకమన్నాను. దొంగ. మంచి కాలితో కావాలని తక్కువ దూకాడు. అసలు లెక్క 81.

"ఏం గాదు సార్, నొస్తలేదు" అన్నాడు. నొప్పి సంగతి ఎవరడిగారు!

అక్టోబర్ 27

డాలస్ నుంచి మేనల్లుడి ఫోన్. అక్కడ కాలేజీ ఫుట్‌బాల్ రోజులు. మన ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లు పెట్టుకొని గుద్దుకునేది. డిఫెన్స్‌లో వెనక వరసను వాళ్లు సెకండరీ అంటారట: ఇద్దరు కార్నర్‌బ్యాక్‌లు, ఇద్దరు సేఫ్టీలు. వాడి యూనివర్సిటీ టీమ్‌లో ఒక కార్నర్ దెబ్బ తగిలి బయట కూర్చుంటే, ఆ వారం ఊరంతా అదే చర్చ. ఎవడొస్తాడు, రెండోవాడు ఎట్లాంటివాడు, మూడోవాడు ఎవడు. ఒక్కో స్థానానికి పేర్లు వరసగా పెట్టి ప్రకటిస్తారట.

"ఎంతమంది ఉంటర్రా టీమ్‌ల?"

"స్కాలర్‌షిప్ ఉన్నోళ్లే 85 మంది మామయ్యా."

నాకు పన్నెండు జెర్సీలున్నాయి. కోర్టులో ఏడుగురు, బెంచీ మీద ఐదుగురు. ఆ ఐదుగురిలో అటెండెన్స్ కోసం వచ్చేవాడొకడు, ఎంపికైన రోజు నుంచి కానిస్టేబుల్ రాత పరీక్ష పుస్తకం మూయనివాడొకడు.

అయినా వాళ్ల చర్చ, మా చర్చ ఒకటే. వెనక మనిషి ఉన్నాడా లేడా.

నవంబర్ 5

తండా పిల్లవాడి గురించి రాసుకోవాలి, మళ్లీ మరిచిపోతాను. జనవరిలో వాణ్ణి రైట్ కవర్‌లో నిలబెట్టింది ఇంకెవరూ లేకనే. పొట్టివాడు. మా పాత కవర్ ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు, భుజంతో డ్యాష్ కొడితే రైడర్ లాబీ దాటి పోయేవాడు. వీడికి ఆ బరువు లేదు. మొదటి రెండు నెలలు అదే డ్యాష్ నేర్పబోయి వాణ్ణీ నన్నూ అలసిపోయేట్టు చేశాను. మార్చిలో ఒకరోజు నేను చెప్పకుండానే కిందికి వంగి తొడ పట్టాడు. రైడర్ బోనస్ గీత మీద చూపు పెట్టి ఉన్నాడు, కార్నర్ మడమకు దూకే లోపే వీడు తొడ దగ్గర ఉన్నాడు. అప్పటి నుంచి వాడి పద్ధతి వాడిది. ఇప్పుడు మా రైట్ కార్నర్ కూడా వాణ్ణి బట్టే అడుగు వేస్తున్నాడు. జనవరిలో ఆ మోకాలు తిరగకపోతే ఈ పిల్లవాడు మూడేళ్లూ నీళ్ల బాటిళ్లు మోసి డిగ్రీ పట్టుకొని పోయేవాడు. ఈ మాట పైకి అనగలిగింది కాదు.

పాతవాడు ప్రాక్టీస్ అయ్యాక ఆగాడు.

"సార్, రూల్ ప్రకారం మొదట ఔటైనోడే గద మొదట లోపలికొచ్చేది?"

రివైవల్ రూల్. ఔటైన వరసలోనే తిరిగి లోపలికి రావాలి. తెలివైనవాడు, ఎప్పటి నుంచో కూడబెట్టుకున్నట్టున్నాడు ఈ ప్రశ్న.

"అది ఔటైనోళ్లకురా. నువ్వు సబ్‌స్టిట్యూట్‌వి. సబ్‌స్టిట్యూట్‌కు వరస లేదు."

నవ్వాడు, కాని ఆ నవ్వు నాకు నచ్చలేదు.

నవంబర్ 12

పాతవాడి అమ్మ ఫోన్.

"సారూ, మీ కాళ్లు మొక్కుత, వాణ్ణి ఆడనియ్యకుండ్రి. అప్పు ఇంక తీరలే."

"నేను ఆడిస్తలేనమ్మా, పరుగు ఒక్కటే."

"మీరు ఆడియ్యకుంటె ఊర్ల ఆడుతడు సారూ. గదే నా భయం."

ఇది నేను ఆలోచించని కోణం. నా దగ్గర మ్యాట్ ఉంది, చూసే కన్ను ఉంది. ఊళ్లో రాత్రి లైట్ల కింద గట్టి మట్టి, గెలిస్తే పొట్టేలో ఐదు వేలో. నేను బయట కూర్చోబెట్టే ప్రతి వారం వాణ్ణి అటు నెట్టడమే కావచ్చు.

నవంబర్ 22

ఆపరేషన్ అయి తొమ్మిది నెలలు నిండాయి. 2016లో ఓస్లో, డెలావేర్ వాళ్లు కలిసి చేసిన అధ్యయనం ఒకటి ఉంది: ఆపరేషన్ తర్వాత తొమ్మిదో నెల దాకా, ఆట వాయిదా వేసిన ఒక్కో నెలకూ మళ్లీ గాయమయ్యే అవకాశం దాదాపు సగానికి తగ్గిందని తేల్చారు. తొమ్మిది దాటాక వాయిదాతో అంత తేడా కనబడలేదు. అందుకే ఇన్నాళ్లు ఆగాను. దూకు 91, ఈసారి రెండు కాళ్లూ నిజాయితీగా.

ఇవాళ్టి నుంచి పట్టు. మొదట నిలబడ్డ రైడర్‌ను, తర్వాత నడిచే రైడర్‌ను.

నవంబర్ 29, మహబూబ్‌నగర్

స్నేహితుడు ఇక్కడ ఒక కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్. రెండు టీములకూ మంచిదని ఒక ప్రాక్టీస్ మ్యాచ్ అనుకున్నాం. పొద్దున్నే బస్సు. మల్లేపల్లి దగ్గర 167 హైవే ఎక్కి, డిండి, కల్వకుర్తి, జడ్చర్ల. దారి పొడుగునా పత్తి మూటల లారీలు.

బస్సులో పాతవాడు నా పక్కన కూర్చున్నాడు. 2021 మార్చిలో సూర్యాపేట జూనియర్ నేషనల్స్ చూడ్డానికి పోయిన సంగతి చెప్పాడు. ప్రారంభానికి ముందే గ్యాలరీ కూలి వంద మందికి పైగా గాయపడ్డ రోజు అది. వీడు ఇంటర్ పిల్లగాడు, అదే గ్యాలరీ చివర ఉన్నాడట. "ఒక్క గీత కూడ పడలే సార్. ఎవ్వడు ముట్టకుంట మోకాలు పోయింది."

టైముండి పిల్లలు పిల్లలమర్రి చూద్దామన్నారు. 2017 డిసెంబర్‌లో ఆ మర్రి కొమ్మ ఒకటి విరిగి పడింది, చెదలు తొలిచేశాయి. మరుసటేడు మందు కలిపిన సెలైన్ సీసాలు వరసగా కొమ్మలకు వేలాడదీసి వైద్యం చేశారు. "చెట్టుకు కూడ ఫిజియో ఉన్నడు" అన్నాడు మా లెఫ్ట్ కార్నర్. అందరూ పాతవాడి వైపు చూశారు. వాడు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

మ్యాచ్ ప్రొ కబడ్డీ రూల్స్‌తో. పాతవాణ్ణి ఎక్కడ నిలబెట్టాలన్నది రాత్రంతా ఆలోచించాను. రైట్ కవర్ ఖాళీ లేదు. అది తీసి వీడికిస్తే జనవరి నుంచి కట్టుకున్న రైట్ సైడ్ చైన్ మొత్తం మళ్లీ మొదటికొస్తుంది. సెకండ్ హాఫ్‌లో సెంటర్‌లో దించాను. సెంటర్‌లో మామూలుగా రైడర్ నిలబడతాడు, అంటే ఒక రైడర్‌ను కూర్చోబెట్టాల్సి వచ్చింది.

మొదటి పట్టుకు వాడు ఆలస్యమయ్యాడు. అర క్షణం కూడా కాదు. ఆ మాత్రం చాలు, రైడర్ ముంజేతితో నెట్టి మిడ్‌లైన్ దాటేశాడు. రెండోసారి పట్టాడు, కాని బరువంతా కుడికాలి మీద. ఆపరేషన్ అయిన ఎడమకాలు వెనక దాచుకున్నట్టు. నేను చూశాను, అవతలి రైడర్ కూడా చూశాడు. ఆ తర్వాత వరసగా వాడి ఎడమ పక్కకే వచ్చాడు.

కాని ఇంకోటి జరిగింది, నేను దీన్ని లెక్కలో వేసుకోలేదు. చివరికి మేం ముగ్గురమే మిగిలాం: రైట్ కార్నర్, తండా పిల్లవాడు, పాతవాడు. పట్టితే సూపర్ ట్యాకిల్, రెండు పాయింట్లు. తండా పిల్లవాడికి తొందర ఎక్కువ, రైడర్ లోపలికి రాకముందే పోతాడు. ఈసారి పాతవాడు పక్క నుంచి అంటున్నాడు, "ఆగు... ఆగు... రానీ..." రైడర్ బాల్క్ లైన్ దాటి ఇంకొక అడుగు వేశాడు. "ఇగ పట్టు!" పొట్టివాడు తొడకు, కార్నర్ మడమకు. పాతవాడు ముట్టనే లేదు, పోయే దారికి అడ్డం నిలబడ్డాడంతే.

రెండు పాయింట్లతో మ్యాచ్ ఓడిపోయాం. స్నేహితుడు వేడి వేడి పల్లికాయ పెట్టి సానుభూతి చూపించాడు. పాలమూరు పల్లికాయ బాగుంటుంది, సానుభూతి అవసరం లేదు.

డిసెంబర్ 8

సీఎం కప్ పేరుతో ఊళ్లల్లో పోటీలు. టీమంతా ఎవరి ఊరికి వాళ్లు ఆడటానికి పోయారు, ప్రాక్టీస్ లేదు. పాతవాడు పోలేదు. గ్రౌండ్‌లో కూర్చొని ఫస్టియర్ పిల్లలిద్దరికి కవర్ అడుగులు చూపిస్తున్నాడు. నేను చెప్పలేదు.

వాలీబాల్ నుంచి వచ్చిన పొడుగువాడు ఆ ఇద్దరిలో ఒకడు. నెట్ దగ్గర బ్లాక్‌కు అలవాటుపడ్డవాడు, చేతులు కిందికి రావు. లెఫ్ట్ కవర్ కింద వాడి పేరు రాశాను, పక్కన ప్రశ్న గుర్తు పెట్టి.

డిసెంబర్ 17

ఇంటర్ కాలేజియేట్ వచ్చే నెల అంటున్నారు. పాతవాడు ఎడమకాలు కొంచెం నమ్ముతున్నాడు. ఎక్కువ కాదు. సెంటర్‌లో పది నిమిషాలు, అంతకు మించి వద్దన్నాను. "రైట్ కవర్‌ల ఎప్పుడు సార్?" అని మళ్లీ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో నా దగ్గర సిద్ధంగా ఉంది, అడగకపోవడమే ఇబ్బందిగా ఉంది.

డిసెంబర్ 29

పుణెలో ప్రొ కబడ్డీ ఫైనల్. హర్యానా స్టీలర్స్ 32, పట్నా పైరేట్స్ 23. స్టీలర్స్‌కు ఇదే మొదటి కప్పు. డిఫెన్స్‌తో కప్పు గెలవొచ్చని ఇకనైనా మా పిల్లలు ఒప్పుకుంటే బాగుండు, అందరికీ రైడర్ కావాలనే ఉంటుంది. స్టీలర్స్ డిఫెండర్ షాద్లూయీని చూసి ఒక్కడు కూడా నేను కార్నర్ ఆడతానని రాలేదు. వాడిలా తొడ కొట్టడం మాత్రం నేర్చుకున్నారు.

జనవరి 3, 2025

పన్నెండు మంది జాబితా రాశాను. కార్నర్లు ముగ్గురు. కవర్లు నలుగురు, పాతవాడితో కలిపి. పెన్సిల్ గీత చెరిపేసి వాడి పేరు సెంటర్ కింద రాశాను, రైట్ కవర్ కింద రెండో పేరుగా కూడా. తండా పిల్లవాడి పేరు పెన్నుతో.

జాబితా చూసి మా లెఫ్ట్ ఇన్ రైడర్ వచ్చాడు. కోర్టులో ఐదుగురు డిఫెండర్లు నిలబడితే రైడ్‌కు పోయేది ఎవరు సార్ అన్నాడు. నిజమే. కానిస్టేబుల్ పుస్తకం పిల్లవాడు నిన్ననే హైదరాబాద్ కోచింగ్‌కు వెళ్లిపోయాడు, వాడు నా మూడో రైడర్. అక్టోబర్‌లో కవర్‌కు మనిషి లేడు, ఇప్పుడు నలుగురు ఉన్నారు, రైడర్లు ఇద్దరే. బీఏ ఫస్టియర్‌లో లాంగ్ జంప్ పిల్లవాడొకడు ఉన్నాడట, కాలు వేగం బాగుందట. సోమవారం పిలిపించాలి.