‘కొండపొలం’: మా నాయన అడిగిన ప్రశ్న

2021 అక్టోబరులో ‘కొండపొలం’ సినిమా విడుదలైన వారంలోనే బెంగళూరులో చూశాను. గదికి తిరిగి వచ్చేలోపే దాని మీద తీర్పు కూడా చెప్పేశాను. అప్పటికి నా వయసు ఇరవైమూడు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి నవలను అంతకుముందే రెండుసార్లు చదివి ఉన్నాను గనుక, ఆ సినిమా గురించి మాట్లాడడానికి నాకన్నా అర్హుడెవరన్న ధీమా ఒకటి. “నవలను నాశనం చేశారు” అన్నాను. నాతో వచ్చిన మిత్రులు నవల చదవలేదు కాబట్టి ఎదురు చెప్పలేకపోయారు. అందువల్ల నేను గెలిచాననుకున్నాను.

నవల సంగతి ముందు చెప్పాలి. 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందిన రచన ఇది. వానలు మొహం చాటేసి, ఊళ్ళో జీవాలకు మేతా నీరూ కరువైనప్పుడు, కాపరులు మందలను తోలుకొని నల్లమల లోపలికి పోతారు. మళ్ళీ వానలు పడేదాకా అక్కడే ఉంటారు. దాన్నే కొండపొలం పోవడం అంటారు. ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో ఉద్యోగాల కోసం తిరిగి, ఇంటర్వ్యూల్లో నోరు పెగలక ఊరు చేరిన రవి, తాత మాట మీద తండ్రి వెంట అడవికి బయలుదేరతాడు. అక్కడ అతని భయం ఎలా వదిలిందన్నదే కథ.

నన్ను కట్టిపడేసింది ఆ భయం వదిలే తీరు. అది ఒక్కరోజున, ఒక్క సాహసంతో పోదు. జీవాలను లెక్కపెట్టుకోవడం, నీటి జాడ వెతకడం, రాత్రుళ్ళు మేలుకొని కావలి కాయడం, తోటి కాపరుల మాటలు వినడం… ఇలాంటి పనులు చేస్తూ చేస్తూ ఉండగా, ఎప్పుడో అతనికే తెలియకుండా జారిపోతుంది. కడప యాసలో సాగే ఆ సంభాషణలు చదువుతుంటే మా ఇంటి పంచలో కూర్చున్నట్టుండేది. ఇంటర్వ్యూలో గొంతు తడారిపోవడమంటే ఏమిటో నాకూ తెలుసు. రవి గెలిస్తే నేను గెలిచినంత సంబరపడ్డాను.

ఇక సినిమా. క్రిష్ దర్శకత్వం, కీరవాణి సంగీతం, రవిగా వైష్ణవ్ తేజ్. నవలలో లేని ఓబులమ్మ సినిమాలోకి వచ్చింది. ఆమెతోబాటు ప్రేమ వచ్చింది, పాటలు వచ్చాయి. వాటికి చోటివ్వడం కోసం కాపరుల రోజువారీ బతుకు పక్కకు జరిగింది. నవలలో రోజులు గడుస్తాయి, సినిమాలో సన్నివేశాలు గడుస్తాయి. గ్రాఫిక్సుతో చేసిన పులి తెర మీదికి రాగానే నా భయం కాస్తా పోయింది. నవలలో అక్షరాల్లోంచి వచ్చిన పులి అంతకంటే బరువుగా అడుగులు వేసింది. ఈ అభిప్రాయాలను నేనిప్పటికీ మార్చుకోలేదు.

మారింది వేరే.

2022 సంక్రాంతికి ఊరికి వెళ్ళినప్పుడు, కాలక్షేపానికని ఆ సినిమాను లాప్‌టాప్‌లో మా నాయనకు చూపించాను. మా నాయన అయిదో తరగతితో బడి మానేసి మంద వెంట నడిచిన మనిషి. సినిమాలు ఓపిగ్గా చూసే అలవాటు లేదు. మధ్యలోనే లేచి పోతాడనుకున్నాను. మంద అడవిలోకి దిగే చోట మంచం మీద కొంచెం ముందుకు జరిగి కూర్చున్నాడు.

“ఒరేయ్, ఇది మన అడివి కాదురా” అన్నాడు కాసేపటికి.

“అవును, వికారాబాదు దగ్గర తీశారు” అన్నాను, నాకు తెలిసిన సంగతి చెప్పుకునే అవకాశం దొరికినందుకు గర్వంగా.

“యాడైతే ఏముందిలే, మంద మందే కదా” అని మళ్ళీ తెరవైపు తిరిగాడు.

నాకు నచ్చని పాటల్ని కూడా ఆయన ఓపిగ్గానే చూశాడు. తండ్రి గురప్పగా సాయిచంద్ కనిపించినప్పుడల్లా తలాడించాడు. ‘ఉప్పెన’లోనూ వైష్ణవ్ తేజ్‌కు తండ్రిగా వేసింది సాయిచందే. రెండోసారి అదే తండ్రీకొడుకులను చూడడం నాకు విసుగనిపించింది. మా నాయన మాత్రం ఆ మనిషి భుజం మీద కట్టె పెట్టుకున్న తీరును చూస్తున్నాడు. రాత్రి కావలి సన్నివేశం రాగానే ఉన్నట్టుండి చెప్పడం మొదలుపెట్టాడు.

“కుక్క మొరిగితే అంత బయం లేదు. అది కుందేలుకూ మొరుగుతాది. జీవాలు పడుకోనున్నేటివి ఒక్కసారి లేసి ఒకదాని మింద ఒకటి పడినాయంటే మాత్రం కట్టె అందుకోవాల.”

“నీకెట్లా తెలుసు?”

“మీ జేజినాయనతో రెండుసార్లు పోయినా కదా కొండపొలం. నువ్వప్పటికి పుట్టలేదు.”

నవల రెండేళ్ళుగా నా సంచీలో ఉంది. రెండుసార్లు చదివాను. నచ్చిన వాక్యాల కింద పెన్సిలుతో గీతలు గీసుకున్నాను. కనబడిన స్నేహితులందరికీ చదవమని చెప్పాను. ఆ పుస్తకం పేరు ఒక్కసారైనా మా నాయన దగ్గర ఎత్తలేదు. కొండపొలం అంటే ఏమిటో కన్నడ దేశంలో కూర్చొని పుస్తకంలో తెలుసుకున్నాను గానీ, మా ఇంట్లో అడగాలని తోచలేదు. నేను అంతగా తీసిపారేసిన సినిమాయే ఆ పని చేసింది.

చివరకు రవి అటవీశాఖలో అధికారి అయ్యాడు. సినిమా అయిపోయింది. ఎలా ఉందని అడిగాను. కాసేపు ఆలోచించి, “బాగుంది. ఆ పిల్లోనికి ఉద్యోగమొచ్చినాక, వాళ్ళ నాయన జీవాలను ఎవరు మేపినారంట?” అన్నాడు.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నేనేమీ చెప్పలేకపోయాను. మా మంద రెండు విడతలుగా అమ్ముడుపోయింది. నా ఇంజనీరింగు మొదటి యేడు ఫీజుకు సగం, మూడో యేడు మిగతాది. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు, ఇద్దరమూ ఎత్తలేదు.

ఆ రాత్రి నవల చివరి పేజీలు మళ్ళీ తిరగేశాను. రవి విజయం నాకెంత నచ్చిందంటే, రెండుసార్లూ అతని వెంటే వెళ్ళిపోయాను. మంద వైపు తిరిగి చూడాలని అనిపించలేదు. కాపరి కొడుకు అధికారి అయ్యాడని పొంగిపోయినప్పుడు, కాపరితనం ఎక్కి దాటవలసిన మెట్టు మాత్రమేనని నేను ఒప్పుకున్నట్టే కదా? అడవి నేర్పినదాన్ని రవి అడవికే తిరిగి ఇస్తాడు, ఆ మేరకు అది మంచి ముగింపే. నాకు అడవీ లేదు, అందులో నేర్చుకున్నదీ లేదు. నేను చేసేది వేరెవరి ప్రోగ్రాముల్లోనో తప్పులు వెతికే పని. అయినా ఆ ముగింపును నా కథలాగే చదువుకున్నాను.

ఇప్పుడైతే ఏమంటానంటే, నవల గొప్పది, సినిమా ఒక మోస్తరుది. కానీ నవల ఎంత గొప్పదైనా చదవలేని మనిషి దగ్గరికి తనంతట తాను నడిచి పోలేదు. చదివినవాడే దాన్ని మోసుకుపోవాలి. నేను దాన్ని నా మిత్రుల దాకా మోశాను, ఇంటిదాకా మోయలేదు. సినిమాను విమర్శించేటప్పుడు ఈ లెక్క నేను వేసుకోలేదు.

పండగ అయ్యాక నవలను ఊళ్ళోనే వదిలి వచ్చాను. మా నాయనకు చూపు తగ్గింది. ఎనిమిదో తరగతి దాకా చదివిన మా అమ్మ రోజూ రాత్రి అన్నాలయ్యాక కొన్ని పేజీలు చదివి వినిపించేది. నడుమ నడుమ ఫోనులో ఆయన వ్యాఖ్యానాలు నాకు అందుతుండేవి. వేసవికి పుస్తకం పూర్తయింది.

“ఈ అయ్య అడివి చూసినాడురా” అన్నాడు మా నాయన.

“మరి ముగింపు?” అన్నాను.

“బాగానే ఉంది” అన్నాడు. కాసేపాగి, “ఉగాదికీ రాకపోతివి. వినాయక చవితికన్నా వస్తావా?” అని అడిగాడు.