పాత ఇనుములో పుట్టిన పరుగు

కొత్త బండి కొనే స్తోమత లేని లండన్ కుర్రవాళ్ళు పెరటి షెడ్లలో కూర్చుకున్న మోటారు సైకిళ్ళ కథ. వాటికి నెలవై నిలిచిన ఒక టీ హోటలు కథ

లండన్ మహానగరాన్ని ఉత్తరపు వైపున ఒరసుకుంటూ సాగే నార్త్ సర్క్యులర్ రోడ్డు చూడముచ్చటైనదేమీ కాదు. గోదాములు, కర్మాగారాలు, రైలు పట్టాలు, ఎడతెగని వాహనాల రొద, ఇదే దాని స్వరూపం. థేమ్స్ నదీ తీరాన్నీ, రాజప్రాసాదాలనూ చూసి తృప్తిపడే యాత్రికులు వెంబ్లీ సమీపంలోని స్టోన్‌బ్రిడ్జి దాకా రానే రారు. అయినా మోటారు సైకిలు మీద మక్కువ గలవారు దేశదేశాల నుంచి వెతుక్కుంటూ వచ్చే భవనం ఒకటి అక్కడే ఉన్నది. వెడల్పాటి గాజు కిటికీలు, ముందు విశాలమైన ఖాళీ జాగా, నెత్తిన పెద్ద అక్షరాలలో పేరు: ‘ఏస్ కేఫ్’. లోపల దొరికేవి టీ, కాఫీ, గుడ్లు, వేయించిన బంగాళాదుంప ముక్కలు. అయితే ఇక్కడికి వచ్చేవారిలో చాలామంది ఆకలి తీర్చుకోవడానికి రారు. ఒక తరం యువకుల ఆవేశమూ, నేర్పూ, దుస్సాహసమూ ఈ గోడలను అంటిపెట్టుకొని ఉన్నాయి. వారు వచ్చేది దాని కోసం.

కొత్తగా వేసిన రహదారి మీద తిరిగే లారీ డ్రైవర్ల సౌకర్యార్థం 1938లో ఈ హోటలు వెలిసింది. మన రహదారుల పక్కన ఢాబా ఎటువంటిదో, ఇంగ్లండులో ‘ట్రాన్స్‌పోర్ట్ కేఫ్’ అటువంటిది. వేడి టీ, కడుపునిండా తిండి, వేళాపాళా లేని ఆతిథ్యం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1940లో, బాంబు దాడికి భవనం నేలమట్టమయింది. 1949లో తిరిగి కట్టారు. మరుసటి ఏడు పెట్రోలు రేషను ఎత్తివేశారు. ఈ రెండింటికీ మధ్య ఎదిగివచ్చిన కుర్రవాళ్ళే ఏస్ కేఫ్‌కు పేరు తెచ్చారు.

ఎవరీ కుర్రవాళ్ళు?

వీరు శ్రీమంతుల బిడ్డలు కారు. ఫ్యాక్టరీలలో, గరాజులలో, దుకాణాలలో పనిచేసే పద్ధెనిమిది, ఇరవై ఏళ్ళవారు. యుద్ధానంతరపు కరవు తగ్గుముఖం పట్టింది. వారం వారం జీతం చేతికి వస్తున్నది. కారు కొనేంత డబ్బు లేదు. వాయిదాల మీద మోటారు సైకిలు కొనేంత ఉన్నది. హోటల్లో నాణెం వేస్తే పాడే జూక్‌బాక్సు ఉండేది. అందులో రాక్ అండ్ రోల్ పాటలు మోగేవి. ఆనాడు ఆ సంగీతాన్ని రేడియోలో అరుదుగా మాత్రమే వినిపించేవారు. తోలు కోటు తొడుక్కుని, బండిని గాజు కిటికీ ముందు నిలిపి, టీ కప్పు చేతబట్టి, ఎవరి బండి ఎంత వేగం పోతుందో వాదులాడుకోవడం వారి సాయంకాలపు కాలక్షేపం.

వారి ఆశయం ఒక్కటే: గంటకు 100 మైళ్ళు. దానిని వారు ‘టన్ను’ అనేవారు. ఆ గీటు దాటినవాడు ‘టన్-అప్ బాయ్’. జూక్‌బాక్సులో పాట పెట్టి, అది పూర్తయ్యేలోగా రహదారి మీద ఒక గుర్తు దాకా దూసుకుపోయి తిరిగి రావాలనే పందెం కథ బహుళ ప్రచారంలో ఉన్నది. నిజంగా జరిగిందనేవారూ ఉన్నారు, చిలవలు పలవలు అల్లిన కథ అనేవారూ ఉన్నారు. హోటలు నుంచి హోటలుకు పరుగు తీసే వీరిని చూసి, ‘వీళ్ళు నిజమైన రేసర్లా? ఉత్త కేఫ్ రేసర్లు!’ అని లారీ డ్రైవర్లు వేళాకోళం చేసేవారని చెబుతారు. ఎగతాళికి పుట్టిన ఆ మాటే క్రమేణా ఒక తరహా మోటారు సైకిలుకు గౌరవ నామమయింది.

తీసివేతలతో మొదలు

పందెపు మైదానాలలో నార్టన్ వంటి సంస్థల బండ్లు నడిపే వీరుల ఠీవిని అనుకరించాలని ఈ యువకుల కోరిక. అటువంటి బండి కొనడం వారి తరం కాదు. కనుక ఉన్న బండినే అలా మలచుకున్నారు. ఈ విద్యలో మొదటి పాఠం కూడిక కాదు, తీసివేత. మడ్‌గార్డుల రేకులు, పనిముట్ల పెట్టె, వెనుక కూర్చునే వారి సౌకర్యాలు, పరుగుకు అక్కరలేనిదల్లా విప్పి పక్కన పెట్టారు. విప్పడానికి కావలసింది ఒక పానా మాత్రమే, ఖర్చు శూన్యం. బండి తేలికవుతున్న కొద్దీ చురుకుగా ముందుకు దూకుతుంది.

రెండవ పాఠం గాలిని గెలవడం. వేగం పెరిగిన కొద్దీ గాలి అడ్డగింపు వేగం యొక్క వర్గం చొప్పున పెరుగుతుంది. దానిని జయించడానికి కావలసిన శక్తి ఘనం చొప్పున పెరుగుతుంది. గంటకు 80 మైళ్ళ నుంచి 100 మైళ్ళకు చేరాలంటే గాలిని చీల్చడానికే దాదాపు రెట్టింపు శక్తి కావాలి. అంత శక్తిగల ఇంజను కొనలేనివాడు ఏం చేయాలి? తానే వంగి గాలికి దారి ఇవ్వాలి. అందుకే ఎత్తైన హ్యాండిల్ బారును తీసివేసి, ముందు ఫోర్కు గొట్టాలకే బిగించే రెండు పొట్టి పిడులు అమర్చారు. వీటిని ‘క్లిప్-ఆన్’ అంటారు. చేతులు కిందికి దిగగానే నడుము ముందుకు వంగింది. నడుము వంగితే కాళ్ళు వెనక్కు పోవాలి. కనుక కాలు పెట్టే పెడల్లను వెనక్కు జరిపారు. గేరు మీటను వెనక్కు తిప్పి బిగిస్తే పైకి ఎత్తవలసినది కిందికి తొక్కవలసి వచ్చేది. అలవాటు తిరగబడిన ఆ కాలు పొరపాటు పడకుండా ఉండడానికి కొన్ని వారాలు పట్టేది. వెనుక చిన్న మూపురం వంటి సీటు, ముందు పొడుగాటి పెట్రోలు ట్యాంకు. బండి రూపం పూర్తయింది.

ఈ భంగిమకు మూల్యం లేకపోలేదు. వేగంలో ఎదురుగాలి ఛాతీని కొంత ఎత్తిపడుతుంది గనుక హాయిగానే ఉంటుంది. ఊళ్ళో నెమ్మదిగా పోయేటప్పుడు మాత్రం దేహభారమంతా మణికట్ల మీద పడుతుంది. కేఫ్ రేసరు ఊరేగింపు బండి కాదు, పరుగు పందెపు బండి అని మొదటి గంటలోనే తెలిసివస్తుంది.

రెండు ఇళ్ళ వియ్యం

ఈ చేతిపనికి పరాకాష్ఠ ‘ట్రైటన్’. ఇది ఏ కంపెనీ కేటలాగులోనూ పుట్టిన బండి కాదు. ట్రయంఫ్ ఇంజనునూ నార్టన్ చట్రాన్నీ కలిపి, రెండు పేర్లనూ కూడా కలిపి కట్టిన సంకరం.

ఆనాటి బండ్లలో ఒక విచిత్రం ఉండేది. ఎడ్వర్డ్ టర్నర్ రూపొందించిన ట్రయంఫ్ జంట సిలిండర్ల ఇంజను 1937లో ‘స్పీడ్ ట్విన్’ రూపంలో వెలువడింది. అది చురుకైనది, తేలికైనది, మరింత శక్తిమంతం చేయడానికి అనువైనది. కాని ట్రయంఫ్ చట్రం మలుపులలో అంత నమ్మకంగా నిలిచేది కాదు. నార్టన్ సంగతి వేరు. ఉత్తర ఐర్లండుకు చెందిన రెక్స్ మెకాండ్లెస్ దానికి జంట గొట్టాల చట్రం ఒకటి రూపొందించాడు. 1950లో ఐల్ ఆఫ్ మాన్ పందేలలో ఆ చట్రంతో దిగిన నార్టన్లు సీనియరు, జూనియరు విభాగాలు రెండింటిలోనూ మొదటి మూడు స్థానాలు గెలుచుకున్నాయి. దానిమీద స్వారీ చేసిన హెరాల్డ్ డేనియల్ ఈకల పరుపు మీద ఉన్నట్లుందన్నాడట. నాటి నుంచి దాని పేరు ‘ఫెదర్‌బెడ్’.

అంత మేలైన చట్రం సామాన్యులకు ఎలా దొరికింది? 500 సీసీ ఇంజన్లతో నడిచే చిన్న రేసు కార్ల మోజు ఇందుకు కొంత కారణం. వాటిని కట్టేవారికి నార్టన్ ఇంజను కావాలి. సంస్థ ఇంజనును విడిగా అమ్మదు. కనుక వారు మొత్తం బండి కొని, ఇంజను ఊడదీసుకుని, చట్రాన్ని వదిలించుకునేవారు. ఇక మామూలు నార్టన్లు ప్రమాదాలలో దెబ్బతిని తుక్కు వ్యాపారుల వద్దకు వచ్చేవి. ఒకరికి అక్కరలేనిది మరొకరికి పెన్నిధి అయింది.

కష్టమంతా ఈ రెండింటినీ కలపడంలో ఉన్నది. చట్రంలో ఇంజను ఎక్కడ కూర్చోవాలో కొలిచి, ముందుగా అట్టముక్క మీద ఆకారం గీసుకోవాలి. ఆ అట్ట ప్రకారం దళసరి అల్యూమినియం పలకను హాక్సా రంపంతో కోసి, ఆకురాయితో గంటల తరబడి అంచులు రుద్ది, బోల్టుల రంధ్రాలు తొలచాలి. ఇంజను పళ్ళచక్రమూ, గేరుపెట్టె పళ్ళచక్రమూ, వెనుక చక్రమూ ఒకే గీతలో నిలవాలి. కొద్ది మిల్లీమీటర్ల తేడా వచ్చినా చైను త్వరగా అరిగిపోతుంది. వేగంలో తెగితే చక్రం బిగిసిపోయే ప్రమాదమూ ఉన్నది. పదిహేనేళ్ళకే బడి మానేసిన పిల్లవాడు అరకొర వెలుతురులో జ్యామితినీ, లోహశాస్త్రాన్నీ నేర్చుకున్నది ఈ షెడ్డులోనే.

ఇటువంటి సంకరపు బండి పెద్ద కంపెనీలను ఓడించిన రోజు కూడా ఒకటున్నది. ట్రైటన్లు కట్టడంలో పేరుపొందిన డేవ్ డీగెన్స్ 1965లో బార్సిలోనా 24 గంటల పందెంలో తన ట్రైటన్‌తో విజయం సాధించాడు.

ప్రాణాల వెల

ఈ కథకు చీకటి పార్శ్వం ఉన్నది. హెల్మెట్టు ధరించడం బ్రిటన్‌లో 1973 దాకా తప్పనిసరి కాదు. ఆనాటి టైర్లు, బ్రేకులు నూరు మైళ్ళ వేగానికి తగినవి కావు. రోడ్డు మీద కుర్రవాళ్ళు చనిపోయారు. పత్రికలు వారిని రౌడీలన్నాయి. 1964లో సముద్రతీరపు పట్టణాలలో ‘మాడ్స్’ అనే స్కూటరు యువకులతో జరిగిన కొట్లాటలు ఆ ముద్రను స్థిరపరిచాయి.

వారిని మరో దృష్టితో చూసినవాడు బిల్ షెర్గోల్డ్ అనే క్రైస్తవ గురువు. స్వయంగా మోటారు సైకిలు నడిపేవాడు. మొదటిసారి ఏస్ కేఫ్‌కు బయలుదేరి, లోపలికి పోయే ధైర్యం చాలక ముందు నుంచే వెళ్ళిపోయాడంటారు. మళ్ళీ వచ్చినప్పుడు, తన్ని తరుముతారని జంకినవారే చుట్టూ చేరి మాట్లాడారు. 1962లో తూర్పు లండన్‌లోని తన చర్చికి వారిని ఆహ్వానించాడు. బండ్లను కూడా లోపలికి తెమ్మన్నాడు. ఆ విధంగా ‘59 క్లబ్’లో మోటారు సైకిలు విభాగం ఏర్పడింది. ఆయన వారికి వేగం మానమని ఉపదేశించలేదు, కూర్చోవడానికి చోటిచ్చాడు. దోషిగా చూసే కళ్ళ మధ్య మనిషిగా చూసిన కళ్ళు రెండు కనబడితే యువకుడికి అది చాలు.

మూత, మళ్ళీ తెరవడం

1965 చివరలో గంటకు 70 మైళ్ళ వేగ పరిమితి వచ్చింది. చవక కార్లు వచ్చాయి. పెళ్ళిళ్ళయిన టన్-అప్ బాయిలు నాలుగు చక్రాలకు మళ్ళారు. 1969లో ఏస్ కేఫ్ మూతపడి, తర్వాత టైర్ల దుకాణమయింది. అదే ఏడు జపాను నుంచి నాలుగు సిలిండర్ల హోండా 750 వెలువడింది. బ్రిటిష్ మోటారు సైకిలు పరిశ్రమ పతనం వేగం పుంజుకుంది. సరిగ్గా 25 ఏళ్ళకు, 1994లో, మార్క్ విల్స్‌మోర్ అనే అభిమాని పాత మిత్రులందరికీ పిలుపునిచ్చాడు. వేలాది బండ్లు తరలివచ్చాయి. 2001లో హోటలు పూర్తిస్థాయిలో తిరిగి తెరుచుకున్నది.

ఈ కథలో భారతదేశానికీ ఒక పాత్ర ఉన్నది. కుర్రవాళ్ళు షెడ్లలో చేస్తున్న పనిని గమనించి రాయల్ ఎన్‌ఫీల్డ్ 1964 చివరలో ‘కాంటినెంటల్ జీటీ’ అనే 250 సీసీ బండిని విడుదల చేసింది. నేర్చుకునేవారు 250 సీసీ మించిన బండి నడపరాదన్న నిబంధన 1961లో వచ్చింది గనుక అది వారికి వరమయింది. ఆ ఇంగ్లీషు సంస్థ 1970 నాటికి అంతరించింది. కాని 1955 నుంచి మద్రాసులో మొదలైన దాని శాఖ బతికింది. ఆ మద్రాసు సంస్థే 2013లో 535 సీసీ ఇంజనుతో, 2018లో 650 సీసీ జంట సిలిండర్లతో కాంటినెంటల్ జీటీని తిరిగి లోకానికి అందించింది. తల్లివేరు ఎండినా తరలి వచ్చిన కొమ్మ చిగిర్చింది.

నేటి షెడ్లు

కొనడానికి సిద్ధంగా ఉన్నా, కట్టుకోవాలనే తపన చావలేదు. ఇంగ్లండులో ఇంటి వెనుక చెక్క గదిని ‘షెడ్’ అంటారు. మన ఊళ్ళలో మెకానిక్ పనిచేసే చోటునూ ‘షెడ్డు’ అనే అంటాం. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల లేతు పనివాడూ, వెల్డరూ, రంగు వేసేవాడూ పిలుపుదూరంలో దొరుకుతారు. పాత బుల్లెట్టు, యెజ్డీ వంటి బండ్లను ఇలా మలచుకునేవారు మన దేశంలోనూ ఉన్నారు.

తక్కువ ఖర్చుతో కట్టాలనుకునేవారికి అనుభవజ్ఞులు చెప్పే క్రమం ఒకటున్నది. కాగితాలు సక్రమంగా ఉన్న బండినే ఎంచుకోవాలి. ఇంజను, చట్రం మీది అంకెలు పుస్తకంలోని అంకెలతో సరిపోవాలి. మొదటి రూపాయి బ్రేకుల మీద, రెండవది టైర్ల మీద, మూడవది విద్యుత్ తీగల మీద ఖర్చు పెట్టాలి. రంగూ మెరుపూ ఆ తర్వాతే. విప్పిన ప్రతి బోల్టునూ చీటీ కట్టి డబ్బాలో వేయాలి. సీటు కోసం చట్రపు తోకను కోసేముందు వెయ్యిసార్లు ఆలోచించాలి. అతికించినచోట బలం తగ్గితే ప్రాణానికే ముప్పు. చట్టమూ గుర్తుండాలి: మన మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలు మారేటట్లు వాహనాన్ని మార్చరాదు. 2019లో సుప్రీం కోర్టు ఈ విషయాన్ని స్పష్టం చేసింది. సీటు, పిడులు, రంగు వంటి చిన్న మార్పుల విషయంలోనూ ముందుగా రవాణా కార్యాలయంలో కనుక్కోవడం మేలు.

ఇంత శ్రమ ఎందుకని అడిగేవారికి నార్త్ సర్క్యులర్ రోడ్డు పక్కన ఆ ఖాళీ జాగాలో వరుసగా నిలిచిన బండ్లను చూస్తే సమాధానం దొరుకుతుంది. వాటిలో ఏ రెండూ ఒకటిగా ఉండవు. ఒక ట్యాంకు మీద సుత్తి దెబ్బ నునుపు కాని చోటు ఉంటుంది. ఒక ఇంజను పలక అంచున ఆకురాయి గీతలు కనబడతాయి. తల నెరసిన యజమాని ఆ గీతల మీద వేలు రాస్తూ, అది కోసిన చలికాలపు రాత్రులను పక్కవాడికి చెబుతుంటాడు. ఎదురుగా నిలబడి వినే కుర్రవాడు పలక మందం ఎంతని అడుగుతాడు.